దిల్‌సుఖ్‌నగర్ నుంచి దేవాంగపిల్లి దాకా: ఒక ఆన్సర్ కీ కోసం జూ ప్రయాణం

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో జువాలజీ చెబుతాను. పుట్టింది తెనాలి దగ్గర, కాపురం కొత్తపేటలో. నాకొక పిచ్చి ఉంది. ఏ ఊరు వెళ్ళినా అక్కడి జూలో ఏయే ప్రైమేట్లు ఉన్నాయో, అంటే కోతులు, కొండముచ్చులు, వాటి చుట్టపక్కాలు ఏవేవి ఉన్నాయో, ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకుంటాను. వైజాగ్‌లో పెళ్ళి, తిరుపతిలో మొక్కు, మైసూరులో పేపర్లు దిద్దే పని, ఏదైనా సరే మధ్యలో ఒక పూట జూకి పోవాల్సిందే. "మా ఆవిడ పెళ్ళికి వెళ్ళి పెళ్ళికొడుకుని చూడదు, కోతుల్ని చూసి వస్తుంది" అని మా ఆయన చుట్టాలందరికీ చెబుతాడు. చెప్పుకోనీ. పుస్తకంలో ఉన్న జీవిని పిల్లలు ఏ ఊళ్ళో కళ్ళతో చూడొచ్చో నాకు తెలిసి ఉండాలని నా పట్టుదల.

ఈ ప్రయాణం మాత్రం పిచ్చితో మొదలవలేదు, నా కోపంతో మొదలైంది. మా సెంటర్‌లో నెలకొకసారి పరీక్ష పెట్టి, మార్కులను బట్టి సెక్షన్లు మారుస్తారు. మొదటి సెక్షన్‌లో అరవై మంది. వాళ్ళకు సీనియర్ లెక్చరర్లు, సాయంత్రం సందేహాల క్లాసు ఉంటాయి. మిగిలినవాళ్ళు వీధి అవతలి బిల్డింగ్‌కి వెళ్ళాలి. ఆ పరీక్షలో చివరి ప్రశ్న ఎప్పుడూ నాదే, ఏదో ఒకటి మన ఊరికి సంబంధించింది ఇస్తాను. ఈసారి "మన జూ పార్కులో ఎన్ని ప్రైమేట్ జాతులున్నాయి?" అని ఇచ్చాను. జూన్‌లోనే ఆ జాబితా క్లాసులో రాయించాను కాబట్టి అది ఉచితంగా ఇచ్చిన మార్కే అనుకున్నాను. నా కీ ప్రకారం జవాబు ఏడు.

మౌనిక అనే అమ్మాయి ఎనిమిది పెట్టింది. ఒక్క మార్కుతో అరవై ఒకటో స్థానానికి జారింది. శుక్రవారం కీ అంటించగానే లేచి నిలబడి, "మేడమ్, కీ తప్పున్నది. నేను పొయ్యి చూసిన" అంది. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో నా కీ ఒక్కసారీ మారలేదని స్టాఫ్ రూమ్‌లో గొప్పలు చెప్పుకునేదాన్ని. "కీ సరిగ్గానే ఉంది. కూర్చో" అన్నాను. కూర్చుంది. ఆ రోజు మరి చెయ్యి ఎత్తలేదు, రోజూ కనీసం మూడు ప్రశ్నలు అడిగే పిల్ల.

శనివారం వాళ్ళ నాన్న ఫోన్ చేశాడు. పేరు యాదగిరి. వాళ్ళది పోచంపల్లి, పదేళ్ళ కింద మగ్గం వదిలేసి ఎల్‌బీ నగర్‌లో చిన్న చీరల షాపు పెట్టుకున్నాడు. "మేడమ్, మీరు తప్పని నేను అంటలేను. మా పిల్ల గూడ అబద్ధం చెప్పదు. ఆదివారం ఒక్కపారి పొయ్యి చూద్దమా? సోమవారం లిస్టు పెడ్తరంట, జూ గూడ సోమవారం బందు" అన్నాడు. లిస్టు ఒకసారి గోడకెక్కితే నెలంతా మారదు. మౌనికకు ఆదివారం కూడా క్లాసుంది కాబట్టి తాను వస్తానన్నాడు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని నా గురించి మా ఆయన అంటాడు గానీ, కాళ్ళు లెక్కపెట్టి చూద్దామంటే కాదనే మనిషిని కాను. సరే అన్నాను. ఓడిపోతానని మాత్రం అనుకోలేదు.

ఆదివారం పొద్దున ఏడున్నరకు దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల కింద నేను ఎప్పుడూ ఆగే ఇడ్లీ బండి దగ్గర ఆగాను. ప్లేటు నలభై రూపాయలు, పల్లీ చట్నీ మాత్రం ఎంత అడిగినా వేస్తుంది. బండి నడిపే లక్ష్మమ్మ, "ఇయ్యాల గూడ క్లాసేనా మేడమ్?" అంది. "కాదు, జూకి. కోతుల్ని చూడాలి" అన్నాను. "రోజూ పొయ్యేది గాడికే గద" అంటూ నా ప్లేటులో ఇంకో ఇడ్లీ వేసింది. పక్కన తింటున్న మా స్టూడెంట్ ఒకడు దగ్గుతూ అటు తిరిగాడు.

యాదగిరి ఎల్‌బీ నగర్‌లో ఎక్కిన రైల్లోనే నేనూ ఎక్కాలని ఫోన్లో మాట్లాడుకున్నాం. మొదటి పెట్టెలో ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గుడ్డ సంచి. నలభై అయిదు దాటిన సన్నటి మనిషి, గొంతు పెంచకుండా మాట్లాడతాడు. ఇటువైపు నుంచి వచ్చేవాళ్ళకు నా సలహా ఏమిటంటే, సైదాబాద్, చాంద్రాయణగుట్ట మీదుగా రోడ్డు మీద పోయేకన్నా మెట్రోలో ఎంజీబీఎస్ దిగి ఆటో ఎక్కడం మేలు. రైలు టికెట్ ముప్పై లోపే, పదిహేను నిమిషాల్లో దిగిపోతాం. బయట ఆటో అతను నూట ఎనభై అడిగాడు. "ఆదివారం జూ దిక్కు ఫుల్ జామ్ ఉంటది భయ్యా, పరేషాన్ అయితం" అని యాదగిరితో వాదించి నూట యాభైకి ఒప్పుకున్నాడు. పొద్దున్నే కాబట్టి జామ్ ఏమీ లేదు. తొమ్మిదికి ముందే గేటు దగ్గరున్నాం. టికెట్ వంద రూపాయలకు అటూ ఇటూ ఉంటుంది, సెలవు రోజుకో రేటు, మామూలు రోజుకో రేటు కాబట్టి బయలుదేరే ముందు చూసుకోండి. గేటు దగ్గర సంచులు వెతికి ప్లాస్టిక్ తీసేస్తారు. యాదగిరి సంచిలో స్టీలు డబ్బాలే ఉన్నాయి, వాళ్ళావిడ పులిహోర కట్టి ఇచ్చిందట.

లోపల బ్యాటరీ బండ్లున్నాయి గానీ జాబితా రాసే పని మీద వెళ్ళేవాళ్ళు నడవాల్సిందే. నేను నోట్‌బుక్ తీశాను. నా పద్ధతి పాతదే. జాతి పేరు, ఎన్ని కనిపించాయి, ఎన్ని గంటలకు కనిపించాయి, మూడు గడులు. మొదట రీసస్ కోతులు. వాటి ఆవరణ పక్కన చెట్టు మీద ఊరి కోతులు నాలుగు కూర్చుని లోపలి వాటికి పెట్టిన జామకాయల వైపే చూస్తున్నాయి.

"ఇవి గూడ లెక్కకొస్తయా మేడమ్?" అని యాదగిరి అడిగాడు.

"రావండి. జూ వాళ్ళు పెంచుతున్నవే లెక్క."

"అంటే వీటికి అడ్మిషన్ దొరకలే."

నవ్వు ఆపుకోలేకపోయాను. అప్పటిదాకా ఇద్దరం కొంచెం బిగుసుకునే నడుస్తున్నాం, ఆ తర్వాత మాటలు కలిశాయి. నెత్తి మీద జుట్టు పాపిడి తీసినట్టుండే బోనెట్ కోతి, మొహం నల్లగా తోక పొడుగ్గా ఉండే కొండముచ్చు, మెడ చుట్టూ బూడిదరంగు జూలున్న సింహతోక కోతి, వెనకభాగం ఎర్రగా ఉండి కుక్క మూతిలాంటి మూతి ఉన్న బబూన్, తర్వాత చింపాంజీ. ఆరింటికీ టిక్కు పెట్టాను. ప్రతి దాని దగ్గరా యాదగిరి నేను చెప్పేది వినడమే కాదు, తిరిగి ప్రశ్న వేసేవాడు. సింహతోక కోతి తోక కొసన కుచ్చు ఎందుకు, బబూన్ చేతుల మీద ఎందుకు నడుస్తుంది. వాళ్ళ పిల్లకు రోజుకు మూడు ప్రశ్నలు ఎక్కడి నుంచి వచ్చాయో అర్థమైంది. ఒకదానికి మాత్రం ఇంటికెళ్ళి వెతికి చెబుతానన్నాను.

ఏడోది నీలగిరి లంగూర్. ఒళ్ళంతా నలుపు, తల మీద మాత్రం తేనెరంగు జుట్టు. నాకు ఇష్టమైన జంతువు. చాలా ఏళ్ళ కింద ఇక్కడే చూసి పావుగంట నిలబడిపోయాను. ఆవరణ దగ్గరికి వెళితే బోర్డు ఉంది, ఊయల తాడు ఉంది, ఎండుటాకులు ఉన్నాయి. జంతువు లేదు. లోపలి గదిలో ఉండి ఉంటుందనుకుని పెన్ను తీశాను, టిక్కు పెట్టబోయాను. ప్రతి ఏడూ అదే చేస్తున్నానని అప్పుడు తట్టింది. కిందటేడు కూడా ఇలాగే, తాడు చూసి, బోర్డు చూసి, లోపల ఉంటుందిలే అని టిక్కు పెట్టేసి చింపాంజీ దగ్గర ఐస్‌క్రీమ్ తినడానికి పోయాను.

బకెట్ పట్టుకుని పోతున్న కీపర్‌ను ఆపి అడిగాను. యాభై ఏళ్ళ మనిషి, తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. "అది ముసలిదై పాణం పోయింది మేడమ్. మూడేండ్లాయె. మంచిగుండె, పేరు పెట్టి పిలిస్తే వచ్చేది. ఇంకో జత వస్తదంటున్నరు, అందుకే బోర్డు ఉంచినం" అన్నాడు. మూడేళ్ళుగా లేని జంతువును నేను మూడేళ్ళుగా పిల్లల చేత రాయిస్తున్నాను. మొహం వేడెక్కింది. ఆరుకు పడిపోయాం కదా అని లోపల లెక్క వేసుకుంటూనే, దాన్ని పేరు పెట్టి పిలిచిన మనిషి బకెట్ దించి కాసేపు ఆ తాడు వైపు చూడటం కూడా గమనించాను. పాపం, పేరేమిటో అడగలేదు.

"ఇగ మా పిల్ల చూసింది చూపిస్త రండి" అన్నాడు యాదగిరి. రాత్రిపూట తిరిగే జంతువుల కోసం జూలో ఒక చీకటి ఇల్లు ఉంటుంది. పగలంతా లోపల చీకటి చేసి, రాత్రి దీపాలు వేస్తారు. అలా వాటికి పగలూ రాత్రీ తిరగేస్తే చూడటానికి వచ్చే మనకు అవి మెలకువగా దొరుకుతాయి. పదకొండు గంటల ఎండలోంచి అందులోకి దూరితే నా చెయ్యి నాకే కనిపించలేదు. వెనక పిల్లలు కేకలు, తోపులాట. ఇంతకు ముందు నేను ఇందులోకి రాలేదా అంటే వచ్చాను. గుడ్లగూబను చూశాను, గబ్బిలాలను చూశాను, ఒక అద్దం ముందు "దేవాంగపిల్లి" అని చదివి, రెండు నిమిషాలు చూసి, ఏమీ కనపడక, గుంపు తోస్తుంటే బయటికొచ్చేశాను. పేరులో పిల్లి ఉన్నా అది పిల్లి కాదు, కోతులకు దూరపు చుట్టం, ప్రైమేటే. ఆ పాఠం ఏటా చెబుతాను. అయినా నోట్‌బుక్‌లో దాని ఎదురుగా "లేదు" అని రాసుకున్నాను.

ఇప్పుడూ అదే అద్దం. నల్లటి కొమ్మలు, మూలన మసక ఎర్ర బల్బు, అంతే. రెండు నిమిషాలయ్యాక, "ఏం లేదండి" అన్నాను.

"కండ్లు మూసుకోండ్రి మేడమ్. మూసుకొని వంద లెక్కపెట్టుండ్రి" అన్నాడు యాదగిరి. "మగ్గం గుంతల కూసునేటప్పుడు మా నాయిన గిట్లనే చెప్పేది. ఎండల కెల్లి ఒచ్చి సక్కగ కూసుంటే పోగు తెగింది గూడ కనవడది. కండ్లను జర ఊకుండనియ్యాలె. తొందరపడ్డోడు చీరంత పాడుచేస్తడు."

మగ్గం గుంత అంటే నేత నేసేవాళ్ళు కాళ్ళు కిందికి దించి కూర్చోవడానికి నేలలో తవ్విన గొయ్యి. ఆ గదుల్లో వెలుగు ఎంతుంటుందో పోచంపల్లి వెళ్ళినవాళ్ళకు తెలుసు. నేను కళ్ళు మూసుకున్నాను. నలభై ఎనిమిదేళ్ళ జువాలజీ లెక్చరర్ ఆదివారం జనం మధ్య కళ్ళు మూసుకుని ఒకట్లు లెక్కపెడుతోంది. ఎనభై దగ్గర ఎవరో చిన్నపిల్ల "అమ్మా, ఈ ఆంటీ నిలబడి నిద్రపోతుంది" అంది. వంద అయ్యాక కళ్ళు తెరిచాను.

ముందు కొమ్మలు విడివిడిగా కనిపించాయి. తర్వాత ఒక కొమ్మ కదిలింది. పుల్లల్లాంటి కాళ్ళు, చేతులు, పిడికెడు ఒళ్ళు, తోక లేదు, మొహమంతా కళ్ళే. ఒక చెయ్యి ముందుకు చాపి, కొమ్మను పట్టుకుని, గట్టిగా ఉందో లేదో చూసుకుని, అప్పుడు రెండో చెయ్యి తీస్తోంది. అంత నెమ్మది. తొందర అనే మాటే ఎరగనట్టుంది. ఆ రెండు కళ్ళు ఎర్రగా మెరిసి ఒకసారి నా వైపు తిరిగాయి. పంతొమ్మిదేళ్ళుగా బోర్డు మీద సుద్దముక్కతో గీస్తున్న జంతువు. నాకు కళ్ళు చెమర్చాయి, చీకట్లో కాబట్టి బతికిపోయాను.

"కనవడ్డదా?" అన్నాడు.

"కనపడిందండి."

బయట వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చుని పులిహోర తిన్నాం. నోట్‌బుక్ తెరిచి మళ్ళీ లెక్క వేశాను. పాత ఏడులోంచి నీలగిరి లంగూర్ పోయింది, ఆరు. దేవాంగపిల్లి కలిసింది, ఏడు. మళ్ళీ ఏడే. ఎన్నిసార్లు వేసినా ఏడే. మౌనిక పెట్టింది ఎనిమిది. నా కీ కరెక్టే. లోపల ఏదో హాయిగా వదులైంది, దాచుకోను. పంతొమ్మిదేళ్ళ పేరు నిలబడింది అనుకున్నాను. యాదగిరి కూడా వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "అయితే ఏడే కద మేడమ్. మీదే కరెక్ట్. మా పిల్లకు నేను చెప్త" అన్నాడు. గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు. డబ్బా మూత పెట్టి సంచిలో సర్దుకున్నాడు.

నడుస్తూ నీలగిరి లంగూర్ ఆవరణ ముందు నుంచే గేటు వైపు వచ్చాం. అక్కడ ఆయన ఆగి, మామూలుగా, "మొన్న మాకు గూడ ఈడ ఏం కనవడలే మేడమ్. అరగంట నిలబడ్డం. 'లేదేమో బిడ్డా, కొట్టెయ్యి' అన్న. 'మేడమ్ ఉన్నదని రాయించింది నాయినా, లోపలుంటది' అని టిక్కు పెట్టుకున్నది" అన్నాడు.

అరవై మంది నా నోట్స్ బట్టీపట్టి ఏడు పెట్టి మార్కు కొట్టారు. ఒక్క పిల్ల మాత్రం వచ్చి, చీకట్లో నిలబడి, నేను చూడనిదాన్ని చూసింది. ఖాళీ ఆవరణను కూడా చూసింది. తన కళ్ళను నమ్మాల్సిన చోట నన్ను నమ్మింది, అందుకే ఎనిమిది అయింది. ఆమె జవాబులో ఉన్న తప్పు నాది.

తిరుగు రైల్లో ఆయనతో చెప్పేశాను. "నా ఏడు వేరు, ఈ ఏడు వేరు యాదగిరిగారూ. రేపు ప్రశ్న తీయించేస్తాను." ఆయన, "మీకు మాటొస్తదేమో మేడమ్" అన్నాడు. రానివ్వండి అన్నాను. మలక్‌పేట దాటేదాకా ఇద్దరం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాం.

సోమవారం లిస్టు అంటించకముందే ప్రిన్సిపల్ గదిలో ఉన్నాను. ఆయన నెల్లూరు మనిషి, నాకన్నా సీనియర్. అంతా విని, "అంకె సరిపోయింది కదమ్మా. ఎవరడుగుతారు? ఒకసారి కీ మారిందంటే ప్రతి నెలా తల్లిదండ్రులు క్యూ కడతారు" అన్నారు. "నేనే అడుగుతున్నాను సార్" అన్నాను. చివరికి ప్రశ్న రద్దు చేసి అందరికీ మార్కు కలిపారు. మౌనిక అరవయ్యో స్థానంలో ఉన్న అబ్బాయితో సమానమైంది. మార్కులు సమానమైతే ఇద్దరినీ ఉంచాలన్నది మా రూలే కాబట్టి క్లాసులో ఒక కుర్చీ ఎక్కువ వేశారు. పంతొమ్మిదేళ్ళ రికార్డు పోయింది. స్టాఫ్ రూమ్‌లో రెండు రోజులు నన్ను "కోతి మేడమ్" అన్నారు, ఆ తర్వాత మరిచిపోయారు.

ఆ సోమవారమే క్లాసులో రెండు తప్పులూ బోర్డు మీద రాసి చెప్పాను. జువాలజీలో గమనించడం గురించి ఎన్నో మాటలు చెప్పినదాన్ని, జంతువు పోయిన మూడేళ్ళకు కూడా టిక్కులు పెట్టుకుంటూ, ఎదురుగా ఉన్నదాన్ని లేదంటూ బతికాను. తెలిసినవాళ్ళం అనుకునే చోటే మనం చూడటం మానేస్తామేమో. నాకది నేర్పింది మగ్గం గుంతలో కళ్ళకు ఓపిక నేర్పుకున్న మనిషి. చెబుతుండగా మౌనిక చెయ్యెత్తింది. శుక్రవారం తర్వాత మళ్ళీ అదే మొదలు. "మేడమ్, మిగిలిన ఆరు మీరు నిన్న చూసినరా, పాత నోట్స్‌ల కెల్లి చెప్తున్నరా?" అంది. క్లాసంతా నా వైపే చూసింది. చూశానని చెప్పి, మూడో గడిలోంచి ఎన్ని గంటలకు చూశానో టైము కూడా చదివాను. అన్నీ విని, తన పుస్తకంలో పాత జాబితా మొత్తం కొట్టేసి, కొత్తగా రాసుకుంది. పైన మాత్రం "మేడమ్ చూసినవి" అని పెట్టి, పక్కన "నేను చూసినవి" అని ఇంకో గడి గీసుకుంది.

మీరూ ఇలాంటి జాబితా పట్టుకుని జూకి వెళుతుంటే ఒక్క సలహా. జంతువు కనపడకపోతే "లేదు" అని రాయకండి. "ఫలానా రోజు, ఇన్ని గంటలకు, ఇన్ని నిమిషాలు నిలబడ్డాను, నాకు కనపడలేదు" అని రాయండి.